ఖాళీగా ఉన్న యంత్రానికి ఖరీదు కట్టడం

బ్యాంకు రుణం కోసం తయారుచేసే ప్రాజెక్టు రిపోర్టుల్లో, యంత్రం పూర్తి సామర్థ్యంలో ఎంత భాగం వాడతారో చెప్పే 'వినియోగ శాతం' అని ఒక గడి ఉంటుంది. మొదటి ఏడాది అరవై, రెండో ఏడాది డెబ్బై, మూడో ఏడాది ఎనభై అని అందులో నింపడం ఆనవాయితీ. రైసు మిల్లుకైనా, ఐస్ ఫ్యాక్టరీకైనా, కొబ్బరి పీచు యూనిట్‌కైనా దాదాపు అవే అంకెలు. గోదావరి జిల్లాల్లో చిన్న పరిశ్రమలకు ఇలాంటి రిపోర్టులు రాసిపెట్టడం నా వృత్తి. కాబట్టి ఈ గడిని నేను చాలాసార్లు నింపాను. నింపిన ప్రతిసారీ దాని మీద నా అభ్యంతరం కాస్త పెరుగుతూనే వచ్చింది. ఏడాది మొత్తానికి తీసిన సగటు అంకె, ఈ డెల్టాలో ఏ వ్యాపారానికి ఎంత సామర్థ్యం కావాలో చెప్పలేదు. పైగా యంత్రం ఖాళీగా ఉంటే నష్టమనీ, నిండుగా నడిస్తే లాభమనీ ఒక భ్రమను యజమాని మనసులో నాటుతుంది. గిరాకీకి తగ్గ వనరులు సమకూర్చుకోవడం అంటే అన్నిటినీ ఎల్లవేళలా నిండుగా నడపడం కాదని నా వాదన. ఎక్కడ ఎంత ఖాళీ ఉంచాలి, ఆ ఖాళీకి ఏటా ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది అన్న మూడు విషయాలను ముందే తేల్చుకోవడమే ఆ పని.

సగటు ఎంత మోసం చేస్తుందో చూడడానికి మన నది చాలు. ఏటా వేల టీఎంసీల గోదావరి నీరు ధవళేశ్వరం ఆనకట్ట దాటి సముద్రంలో కలుస్తుంది. అదే ధవళేశ్వరం కింద, దాళ్వా (రబీ పంట) చివరి రోజుల్లో, శివారు చేలకు నీరందక రైతులు డ్రెయిన్ల నుంచి ఇంజన్లతో తోడుకుంటారు. 1986 ఆగస్టు వరదలో ఆనకట్ట దగ్గర ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరింది; ఆనకట్ట నిలబెట్టుకోగలిగేది మాత్రం మూడు టీఎంసీల లోపే. వచ్చినప్పుడు దాచుకోలేని దానికి ఏడాది సగటు కట్టుకుని ఏం ప్రయోజనం? అందుకే నీటిపారుదల సలహా మండలి ఏటా దాళ్వాకు ముందు సమావేశమై, నదిలో సహజంగా వచ్చే నీరెంత, సీలేరు జల విద్యుత్ కేంద్రాల నుంచి అందేదెంత అని లెక్క చూసి, దాన్ని బట్టి ఎన్ని ఎకరాలకు నీరివ్వగలమో నిర్ణయిస్తుంది. అప్పటికీ చాలకపోతే కాలువలకు వంతులు పెడతారు. ఈ నిర్ణయాల మీద ప్రతి ఏడాదీ గొడవ జరుగుతుందన్నది నిజమే కానీ, నేను చూసిన ప్రణాళికల్లో నిజాయితీగా సాగేది ఇదే. సామర్థ్యాన్ని పెంచలేని చోట గిరాకీనే దానికి తగ్గట్టు సర్దుతామని ఇక్కడ బాహాటంగా ఒప్పుకుంటారు.

ఇక గిరాకీని ముందే అంచనా వేయడం గురించి. మా వైపు వ్యాపారులు చాలామంది ఇదేదో జాతకం చూడడం లాంటిదన్నట్టు మాట్లాడతారు. వరి విషయంలో ఇంత సులువైన అంచనా మరొకటి ఉండదు. కాలువలకు నీరు వదిలే తేదీ పత్రికల్లో వస్తుంది. నారుమళ్లు ఎప్పుడు పోశారో, ఊడ్పులు ఎంతవరకు వచ్చాయో ఊరందరికీ తెలుసు. పంట నమోదు లెక్కలు రైతు సేవా కేంద్రాల్లో ఉంటాయి. రకాల కాలపరిమితి కూడా తెలిసినదే: మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ సుమారు 150 రోజుల పంట, 1010 రకం సుమారు 120 రోజుల పంట. నారు పోసిన తేదీకి ఈ రోజులు కలిపి, ఊడ్పుల లెక్క కూడా చూసుకుంటే, ఏ మండలంలో ఏ వారం ఎంత ధాన్యం కళ్లాల్లోకి వస్తుందో రెండు మూడు నెలల ముందే చెప్పవచ్చు. అయినా గోనె సంచులు, లారీలు, జట్టు కూలీలు దొరకడం లేదన్న కేకలు సరిగ్గా కోతల వారంలోనే ఎందుకు వినిపిస్తాయి? అంచనా లేక కాదు, ఆ అంచనాను బట్టి ఎవరూ ముందుగా డబ్బు పెట్టకపోవడం వల్ల.

వరి కోతల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సామర్థ్యాన్ని ఒక్క చోట పెంచితే ఏమవుతుందో అందులో స్పష్టంగా కనబడుతుంది. కొడవళ్లతో కోసిన రోజుల్లో చేను పనల మీద ఆరేది. తరువాత కట్టలు కట్టి కుప్ప వేసేవారు. కుప్ప వేశాక రైతుకు తొందర ఉండేది కాదు. కూలీలు దొరికినప్పుడు, ఎండ చూసుకుని, ధర చూసుకుని నూర్చుకునేవారు. ఒక ఊళ్లో కుప్పనూర్పిళ్లు వారాల తరబడి సాగేవి. లెక్కల భాషలో చెప్పాలంటే కుప్ప ఒక గిడ్డంగి. కోత వేగానికీ నూర్పిడి వేగానికీ, నూర్పిడి వేగానికీ మిల్లు వేగానికీ మధ్య ఉన్న తేడాను ఆ గడ్డి కప్పు కిందే దాచుకునేవాళ్లం. వరి కోత యంత్రం వచ్చాక పదిమంది కూలీలు రోజంతా చేసే పనికి మించినది గంటల్లో అయిపోతోంది. కూలీలు దొరకని కాలంలో ఆ యంత్రం లేకపోతే సాగే ఉండేది కాదు, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ ఆ యంత్రం కుప్పను తీసేసింది. ఇప్పుడు ఊరి ధాన్యమంతా కొద్ది రోజుల్లో, అదీ పచ్చిగా, ఒక్కసారిగా బయటపడుతోంది.

ప్రభుత్వ కొనుగోలుకు ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. యంత్రం కింద పడిన ధాన్యం దానికన్నా ఎక్కువ తేమతో ఉంటుంది కాబట్టి ఆరబోయాలి. ఆరబోయడానికి కళ్లాలు చాలవు, అందుకే రోడ్లకు రెండు పక్కలా ధాన్యం. సార్వా (ఖరీఫ్) కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో వస్తాయి. బంగాళాఖాతంలో తుపానుల కాలమూ అదే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, అంత దూరంలో ఉన్న మన డెల్టాలో కూడా కోసిన ధాన్యం, కోయని చేలు తడిసిపోయాయి. ఆ వారంలో బరకాలకు వచ్చిన విలువ మరే వస్తువుకూ లేదు. కోత సామర్థ్యం ఎన్నో రెట్లు పెరిగి, ఆరబెట్టే సామర్థ్యం తాతల నాటి దగ్గరే ఆగిపోయింది. మొత్తం వ్యవస్థ ఎంత వేగంగా నడవాలన్నది దానిలో అన్నిటికన్నా ఇరుకైన చోటు నిర్ణయిస్తుంది. మనం మాత్రం వెడల్పుగా ఉన్న చోటే ఇంకా వెడల్పు చేస్తూ పోయాం.

మిల్లుల దగ్గర కూడా ఇదే కథ. విస్తరణ కోసం నా దగ్గరకు వచ్చే మిల్లు యజమానుల్లో ఎక్కువమంది గంటకు ఇన్ని టన్నులు ఆడేది అన్ని టన్నులు చేయాలనో, రంగు మారిన బియ్యాన్ని ఏరేసే కొత్త సార్టెక్స్ యంత్రం పెట్టాలనో అడుగుతారు. కోతల కాలంలో వాళ్లకు అవసరమయ్యేది ఆడే సామర్థ్యం కాదు, దించుకునే సామర్థ్యం. ధాన్యం నాలుగైదు వారాల్లో వచ్చి పడుతుంది, ఆడడం నెలల తరబడి సాగుతుంది. ఆ నాలుగైదు వారాల్లో కాటా దగ్గర, దించే చోట, తేమ చూసే మనిషి దగ్గర ఎంత ఆలస్యమవుతోందన్నదే ప్రశ్న. గేటు బయట రోడ్డు మీద లారీలు బారులు తీరి ఉంటే లోపల కొత్త యంత్రం మెరుస్తూ ఉండి ఏం లాభం?

బారుల గురించిన గణితం పాతదే. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే ఆయన, ఎన్ని ఫోన్ కాల్స్‌కు ఎన్ని లైన్లు ఉండాలన్న లెక్క కోసం 1909లోనే దీనికి పునాది వేశాడు. ఆ శాస్త్రంలోని అతి సులువైన సూత్రాన్ని మిల్లు గేటుకు వర్తింపజేస్తాను. లారీలు తమ ఇష్టం వచ్చిన వేళకు వస్తాయి, ఒక్కో లారీ దించడానికి సగటున అరగంట పడుతుంది కానీ అది హెచ్చుతగ్గులుగా ఉంటుంది, దించే జట్టు ఒకటే అనుకుందాం. జట్టు తన సమయంలో సగం మాత్రమే పనిలో ఉంటే, లారీ తన వంతు కోసం ఆగేది సగటున అరగంట. జట్టు 80 శాతం పనిలో ఉంటే ఆగేది రెండు గంటలు. 90 శాతమైతే నాలుగున్నర గంటలు. 95 శాతమైతే తొమ్మిదిన్నర గంటలు. చివరి ఐదు శాతం వినియోగం కోసం బారు రెట్టింపుకు మించి పెరిగింది. ప్రాజెక్టు రిపోర్టు గడిలో 95 అన్న అంకె చూస్తే బ్యాంకు మేనేజరు సంతోషిస్తాడు. ఆ అంకెకు తొమ్మిదిన్నర గంటలు ఆగిన లారీ డ్రైవరు ఏమంటాడో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

రెండో జట్టును పెట్టుకుంటే ఆ జట్లు చాలాసేపు కూర్చుని ఉంటాయి. కూర్చున్న జట్టుకు కూలి ఎందుకివ్వాలన్నది యజమాని ప్రశ్న. ఆ కూలి జట్టుకు ఇస్తున్నది కాదు, బారు లేకుండా ఉండడానికి ఇస్తున్నది. అదీ ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది: లారీలకు వేళలు కేటాయించి టోకెన్లు ఇస్తే, రాకలో హెచ్చుతగ్గులు తగ్గి, ఒక్క కూలీని కూడా అదనంగా పెట్టకుండానే బారు బాగా తగ్గుతుంది. సామర్థ్యం కొనడం కన్నా గందరగోళం తగ్గించడం చవక. దీన్ని ఎవరూ ప్రాజెక్టుగా రాయించుకోరు, ఎందుకంటే దీనికి రుణం రాదు.

భీమవరం వైపు రొయ్యల వ్యాపారంలో చిక్కు మరో రకంగా ఉంటుంది. వనామి పిల్లను చెరువులో వదిలిన మూడు నాలుగు నెలల్లో పట్టుబడికి వస్తుంది కాబట్టి, ఈ నెల హేచరీల నుంచి ఎంత పిల్ల వెళ్లిందో తెలిస్తే ఐసు ఎప్పుడు ఎంత కావాలో స్థూలంగా తెలిసిపోతుంది. వరి కన్నా ఇంకా సులువైన అంచనా అనిపిస్తుంది. అయితే తెల్లమచ్చ వైరస్ తగిలిందంటే కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) ఎంతున్నా చూడకుండా ఆ రాత్రికి రాత్రే చెరువు పట్టేయాలి, పక్క చెరువుల వాళ్లు కూడా భయంతో పట్టేస్తారు. ఐసు దిమ్మ అప్పటికప్పుడు గడ్డకట్టేది కాదు, చాలా గంటలు పడుతుంది. ముందే చేసి పెట్టుకుందామంటే కరిగిపోయే సరుకు. ఇలాంటి చోట రెండు గిరాకీలు విడివిడిగా ఉన్నాయని గుర్తించాలి: ఒకటి పంచాంగం ప్రకారం వచ్చేది, రెండోది రోగం తెచ్చేది. మొదటిదానికి సరిపడా యంత్రం పెట్టుకుని, రెండోదాని కోసం దూరపు ఫ్యాక్టరీలతో ముందుగానే ధర మాట్లాడుకోవడం తెలివైన పని అని నేను అనుకుంటాను. రెండిటినీ కలిపి సగటు తీసి దానికి తగ్గ ట్యాంకు కట్టినవాడు మామూలు రోజుల్లో కరెంటు బిల్లు ఎక్కువ కడతాడు, వైరస్ రాత్రి ఐసూ ఇవ్వలేడు.

'చాలకపోతే పక్కవాడి దగ్గర తెచ్చుకుందాం' అన్నది మా ప్రాంతంలో అందరి నోటా వినిపించే ప్రణాళిక. ఇది కొన్నిచోట్ల అద్భుతంగా పనిచేస్తుంది, కొన్నిచోట్ల ముంచుతుంది, తేడా ఎక్కడో చూసుకోవాలి. వరి కోత యంత్రాలు జిల్లా నుంచి జిల్లాకు, పొరుగు రాష్ట్రాల నుంచి ఇక్కడికి తిరుగుతూ ఉంటాయి. అన్నిచోట్లా పంట ఒకేసారి పండదు కాబట్టి ఒకే యంత్రం ఏడాదిలో ఎన్నో ఊళ్ల గిరాకీ తీరుస్తుంది. పెళ్లిళ్ల వ్యాపారం దీనికి సరిగ్గా తలకిందులు. ఆషాఢంలోనూ, మూఢంలోనూ షామియానాలు, వంట పాత్రలు గొడౌన్లలో పడి ఉంటాయి. మాఘంలో మంచి ముహూర్తం పడితే రావులపాలెంలో ఉన్నవాడికీ, అమలాపురంలో ఉన్నవాడికీ, తణుకులో ఉన్నవాడికీ అదే రాత్రి కుర్చీలు కావాలి. వంట మేస్త్రీ ఒక్కడే, ఫంక్షన్ హాలు ఒక్కటే, ముహూర్తం అందరిదీ ఒక్కటే. గిరాకీలు ఒకదాని తరువాత ఒకటి వచ్చే చోట వనరులను కలిపి వాడుకోవడం లాభం. అన్నీ ఒకే ఘడియకు వచ్చే చోట పక్కవాడి మీద ఆధారపడడం ప్రణాళిక అనిపించుకోదు.

మొత్తం చూస్తే సరిపోతుందనుకున్నది ఒక చోట, ఒక ఘడియలో ఎలా విఫలమవుతుందో రాజమహేంద్రవరంలో 2015 జులై 14న చూశాం. పుష్కరాలు పన్నెండు రోజులు, స్నానఘట్టాలు ఎన్నో ఉన్నాయి. అయినా మొదటి రోజు ఉదయం పుష్కర ఘాట్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. మళ్లీ పుష్కరాలు 2027లో వస్తున్నాయి. ఘాట్ల మొత్తం పొడవును రోజుకు రాగల జనంతో భాగించి తృప్తిపడకుండా, తొలి రోజు తొలి గంటలో ఏ ఘాట్‌కు ఎంతమంది వెళ్లాలనుకుంటారన్న లెక్కతో మొదలుపెట్టాలి.

పెద్ద చదువులు లేకుండానే ఈ విద్య పట్టుబడినవాళ్లు ఆత్రేయపురంలో ఉన్నారు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకుల తయారీలో రెండు దశలున్నాయి. బోర్లించిన కుండ మీద, బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డతో రేకు తీయడం మొదటిది. అందుకు నేర్పు, ఓర్పు, మంట దగ్గర కూర్చునే సమయం కావాలి, దాన్ని హడావిడిగా పెంచలేం. నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి చుట్టడం రెండోది. అది త్వరగా అవుతుంది. తేమ తగలకుండా దాస్తే ఉత్త రేకు నిల్వ ఉంటుంది, చుట్టాక మాత్రం, అందులోనూ బెల్లంతో చుట్టాక, ఎక్కువ రోజులు ఉంచలేరు. అందుకని గిరాకీ లేని రోజుల్లో మహిళలు ఇళ్ల దగ్గర రేకులు తీస్తూనే ఉంటారు, దుకాణాల వాళ్లు వాటిని కట్టలుగా కొని పెట్టుకుంటారు, పండగ ముందు చుట్టే పని జోరందుకుంటుంది. నెమ్మదైన పనిని ఖాళీ రోజుల్లోకి, త్వరగా అయ్యే పనిని రద్దీ రోజుల్లోకి నెట్టడమన్నమాట. కుప్ప చేసిన పనినే ఇక్కడ రేకుల కట్ట చేస్తోంది.

అయితే పండగకు ఎన్ని పెట్టెలు చుట్టి సిద్ధంగా ఉంచాలి? ఒక పెట్టె చాలక కొనేవాడు వెనుదిరిగితే 60 రూపాయల లాభం పోతుందనీ, ఒక పెట్టె మిగిలిపోతే 40 రూపాయల నష్టమనీ అనుకుందాం. 60ని ఆ రెండింటి మొత్తంతో, అంటే 100తో భాగిస్తే 60 శాతం. పది పండగల్లో ఆరుసార్లు చాలి, నాలుగుసార్లు చాలకుండా పోయేంత సరుకు ఉంచడం లాభదాయకమని దీని అర్థం. ఎప్పుడూ తక్కువ పడకూడదన్న పట్టుదల కూడా, ఎప్పుడూ మిగలకూడదన్న పట్టుదల లాగే, డబ్బు పోగొడుతుంది.

ఖాళీ ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు సంక్రాంతి బస్సు నిదర్శనం. హైదరాబాదు నుంచి అమలాపురానికి నిండుగా వచ్చిన ప్రత్యేక బస్సు ఆ పూట వెనక్కి దాదాపు ఖాళీగా వెళ్లాలి. కొన్నేళ్ల పాటు ఆర్టీసీ ఆ బస్సులకు ఒకటిన్నర రెట్లు ఛార్జీ తీసుకున్నప్పుడు జనం తిట్టుకున్నారు. కానీ ఆ అదనపు సగం తిరుగు ప్రయాణంలోని ఖాళీ సీట్ల ధర. దాన్ని ప్రయాణికుడు కట్టకపోతే సంస్థ కట్టాలి, సంస్థ కట్టకపోతే బస్సే ఉండదు.

నా వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం ఒకటే: ఖాళీగా ఉన్న యంత్రానికి వడ్డీ ఎవరు కడతారు? న్యాయమైన ప్రశ్నే కనుక అంకెల్లోనే జవాబు చెప్పాలి. ధాన్యం ఆరబెట్టే డ్రయ్యరునే తీసుకుందాం. ఇవి ఊహించుకున్న అంకెలే, ఎవరి అంకెలు వారు వేసుకోవచ్చు. వడ్డీ, తరుగుదల కలిపి ఏడాదికి 6 లక్షలు. రోజుకు 50 టన్నులు. సార్వా, దాళ్వా కలిపి 40 రోజుల పని. అంటే 2,000 టన్నులు, టన్నుకు 300 రూపాయలు, 75 కిలోల బస్తాకు 22 రూపాయల 50 పైసలు. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు, అంటే కిలో 23 రూపాయలు. ఏడాదిలో 325 రోజులు పడుకునే ఆ యంత్రపు ఖాళీ ఖర్చంతా కలిపినా బస్తాకు కిలో ధాన్యం విలువ దాటలేదు. ఇంధనం, కరెంటు, కూలీ దీనికి అదనం. ఇంకా కఠినంగా చూద్దాం: ఎండ బాగా కాసిన ఏడాది డ్రయ్యరు వైపు ఎవరూ చూడరు. ఐదేళ్లలో రెండేళ్లే దాని అవసరం పడితే బస్తాకు 56 రూపాయలు, సుమారు రెండున్నర కిలోలు. తడిసిన ధాన్యానికి బస్తాకు ఎన్ని కిలోలు తరుగు తీస్తారో కళ్లం మీద ఉన్నవారికి నేను చెప్పనక్కర్లేదు. మొలకెత్తిన ధాన్యానికైతే ఆ బేరం కూడా ఉండదు.

ఒక్క రైతు దీన్ని భరించలేడు, మిల్లు యజమానికి దీన్ని పెట్టాల్సిన తొందర లేదు. సహకార సంఘం పెట్టవచ్చు. కానీ వాన పడిన రోజున ఊరంతా ఒకేసారి ట్రాక్టర్లు తెస్తుంది కాబట్టి, ఇది కోత యంత్రం లాంటి గిరాకీ కాదు, పెళ్లి ముహూర్తం లాంటి గిరాకీ. కాలువకు ఉన్నట్టే దీనికీ వంతులు ఉండాలి, ఆ వంతులు మబ్బు పట్టక ముందే రాసి ఉండాలి. ఊడ్పుల తేదీ ప్రకారం జాబితా, ఒక్కొక్కరికి ఇన్ని గంటలని పరిమితి, తేమ మరీ ఎక్కువగా ఉన్న ధాన్యానికి ముందు వరుస, ముందుగా డబ్బు కట్టనివారికి చివరి వరుస. ఎకరాకు 30 బస్తాలనుకుంటే పై లెక్క ప్రకారం కట్టవలసింది ఎకరాకు 675 నుంచి 1,690 రూపాయల మధ్య తేలుతుంది. ఎంతన్నది సంఘం తీర్మానించుకోవచ్చు గానీ, వసూలు మాత్రం నారుమళ్లు పోసే వేళకే అయిపోవాలి. చేను పండి ఎండ కాస్తుండగా డ్రయ్యరుకు డబ్బిచ్చే రైతు ఏ ఊళ్లోనూ ఉండడు.